గుర్రానికి నచ్చిన బట్టలు

మా ఇంటికి ఎవరు కొత్తగా భోజనానికి వచ్చినా, పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి మా ఆవిడ ఒక కథ చెబుతుంది. పంతొమ్మిదేళ్ళుగా చెబుతోంది. మా పెళ్ళినాడు నేను గుర్రం ఎక్కకపోవడమే ఆ కథ.

నిజానికి అందులో నా తప్పు పెద్దగా లేదు. మా తాతగారు యాభై ఆరులో బందరు నుంచి బదిలీ మీద వచ్చి నాంపల్లిలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా మా వంశంలో ఎవరూ స్కూటరు కంటే ఎత్తైనది ఎక్కి నడపలేదు. మా వైపు పెళ్ళికొడుకు కారులో వస్తాడు, దిగుతాడు, కాళ్ళు కడిగించుకుంటాడు. మా ఆవిడ వాళ్ళది మూడు తరాలుగా అఫ్జల్‌గంజ్‌లో గిన్నెల దుకాణం నడిపే కుటుంబం. వాళ్ళ లెక్కలో పెళ్ళంటే బరాత్, బరాత్ అంటే తెల్ల గుర్రం, దాని మీద పెళ్ళికొడుకు. ఈ సంగతి వాళ్ళు ముందుగా చెప్పలేదు, మేమూ అడగలేదు. సాయంత్రం ఆరింటికి విడిది గుమ్మంలో గుర్రం ప్రత్యక్షమైంది. నేను దాని కళ్ళలోకి చూశాను, అది నా కళ్ళలోకి చూసింది. ఇది జరిగే పని కాదని ఇద్దరికీ అర్థమైపోయింది.

అయినా మూడుసార్లు ప్రయత్నించాను. మూడోసారి నన్ను వెనకనుంచి ఎత్తబోయిన మా మేనమామకు నడుం పట్టేసింది. చివరికి గుర్రం పక్కన నడిచి వస్తానని ప్రకటించి, అత్తవారు పెట్టిన షేర్వాణీ మీద పాగా కూడా బరువుగా ఉందని దాన్ని తీసి జీనుకు తగిలించి, కళ్ళెం పట్టుకుని బ్యాండు వెనకాల ఫంక్షన్ హాలు దాకా నడిచాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, గుర్రాన్ని వెనక కట్టేసి రమ్మనీ, పనివాళ్ళకు భోజనాలు షెడ్డులో పెడుతున్నారనీ చెప్పాడు. మా ఆవిడ కథ సరిగ్గా ఇక్కడ ముగుస్తుంది. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వి మజ్జిగ పోసుకుంటాను.

పోయిన ఏడు మా ఆవిడ ఈ కథ మా అమ్మాయి స్నేహితురాళ్ళకు చెప్పినప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. నాన్నకు స్టూలెక్కి బల్బు మార్చాలన్నా భయమేనని మా అమ్మాయి తన వంతు చేర్చింది. నాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మా ఆవిడ చూస్తుండగా నేను గుర్రం మీద దర్జాగా కూర్చుని కనబడాలి. ఆ తర్వాత ఆవిడకు ఆ కథ చెప్పాలన్నా నోరు రాకూడదు. నలభై ఏడేళ్ళ వయసులో నాకు పట్టుకున్న పట్టుదల ఇది.

గన్‌ఫౌండ్రీలో ఉన్న మా బీమా ఆఫీసుకు నేను రోజూ నడిచే వెళతాను. ఆ దారిలో ఒక సందులో పెళ్ళిగుర్రాల కొట్టం ఉంది. రేకుల కింద మూడు తెల్ల ఆడగుర్రాలు, వెనకాల ప్రహరీ కట్టిన మట్టి జాగా. గోడ మీద పెళ్ళిళ్ళకు గుర్రాలు ఇవ్వబడునని పెద్దక్షరాలు, దాని కింద ఆదివారం పొద్దున స్వారీ నేర్పబడునని చిన్నక్షరాలు. యజమాని అరవై దాటిన మనిషి, అందరూ ఉస్తాద్ అంటారు. వెళ్ళి కలిస్తే వచ్చే ఆదివారం ఆరింటికి రమ్మన్నాడు. ఏం వేసుకుని రావాలని అడిగాను.

"బట్టలు ఏసుకొని రాండ్రి సార్, గంతే" అన్నాడు.

ఇంత ముఖ్యమైన విషయాన్ని ఆయన అలా తేల్చేయడం నాకు నచ్చలేదు. ఫోనులో విదేశీ రౌతుల ఫోటోలన్నీ చూసి నేనే జాబితా రాసుకున్నాను. మొదటిది తొడల దగ్గర వదులుగా, మోకాళ్ళ కింద బిగుతుగా ఉండే ప్యాంటు. అబిడ్స్‌లో బ్యాండు మేళాల యూనిఫారాలు కుట్టే టైలర్ ఒకాయన నాకు పరిచయం. గుర్రం కోసమని చెప్పగానే, మేళంలో ఎంతమందని అడిగాడు. నేనొక్కడినే అన్నాను. ఒక్కరే ఏం వాయిస్తారని జాలిపడ్డాడు. విషయం వివరించాక బుద్ధిగా కుట్టాడు గానీ, ప్యాంటుకు రెండు పక్కలా బంగారు రంగు పట్టీ వేసేశాడు. అలవాటులో చెయ్యి వెళ్ళిపోయిందట. ఎత్తు బూట్లు ఎక్కడా దొరక్క గౌలిగూడలో మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు గమ్‌బూట్లు కొన్నాను. తలకు నా స్కూటరు హెల్మెట్టే. అన్నీ తొడుక్కుని అద్దంలో చూసుకుంటే, కాళ్ళ దగ్గర వరద నీళ్ళలో దిగబోయే మనిషి, నడుం దగ్గర బ్యాండు మేళం, తల దగ్గర బిర్యానీ తెచ్చిచ్చే మనిషి కనబడ్డారు. రౌతు ఒక్కడే కనబడలేదు. అయినా ఫర్వాలేదనుకున్నాను.

ఆదివారం, పబ్లిక్ గార్డెన్‌లో వాకింగ్‌కని ఇంట్లో చెప్పి, బట్టలు సంచిలో పెట్టుకెళ్ళి కొట్టంలోనే మార్చుకున్నాను. అప్పటికే అక్కడ ఇద్దరు శిష్యులున్నారు. ఒకావిడ పళ్ళ డాక్టరు. ట్రాక్ ప్యాంటు, పాత టీషర్టు, దాని మీద జరీ బుటాల ఎర్ర దుపట్టా, నుదుటి మీద పాపిడి బిళ్ళ. ఇంకొకాయన చార్టర్డ్ అకౌంటెంటు. నిక్కరు, స్పోర్ట్స్ బూట్లు, తల మీద మాత్రం ముత్యాల సరాలు ముఖం మీదికి వేలాడే పెళ్ళికొడుకు పాగా. ఏ శుభకార్యం నుంచో నేరుగా వచ్చి ఉంటారనుకుని మర్యాదకు నేనేం అడగలేదు. వాళ్ళు నా గమ్‌బూట్లు చూసి మర్యాదకు ఏమీ అడగలేదు. ఉస్తాద్ లుంగీ, బనీను, హవాయి చెప్పుల్లో ఉన్నాడు. మెడలో మాత్రం ప్లాస్టిక్ బంతిపూల దండ. ఆ వేషంలోనే గుర్రం మీద పడక్కుర్చీలో కూర్చున్నంత సుఖంగా ఒక చుట్టు తిరిగొచ్చాడు.

నన్ను స్టూలు వేసి ఎక్కించారు. కళ్ళు మూసుకుని ఎక్కేశాను. అయితే గుర్రం కదలలేదు. ఫోనులో చూసినట్టు నాలుకతో టిక్కు టిక్కుమన్నాను. అది మెడ తిప్పి, నా బూట్లను చూసి, హెల్మెట్టును చూసి, గడ్డి తినడం మొదలుపెట్టింది. పావుగంట అలాగే కూర్చున్నాను. అప్పుడు ఉస్తాద్ దగ్గరికొచ్చి అసలు సంగతి చెప్పాడు.

"ఇది పదకొండేండ్ల సంది పెండ్లిళ్ళే చేస్తున్నది సార్. జరీ కనవడ్తెనే దానికి డ్యూటీ. గీ టోపీ చూసి ట్రాఫిక్ పోలీసాయన బరాత్ ఆపిండనుకుంటది. గందుకే నిలవడ్డది."

ఈ ముక్క మొదటే ఎందుకు చెప్పలేదంటే, బట్టలు వేసుకుని రమ్మని చెప్పాను కదా అన్నాడు. ఈ రహస్యాన్ని కనిపెట్టింది పళ్ళ డాక్టరుగారట. ఒక ఆదివారం ఆవిడ చుట్టాల పెళ్ళి నుంచి నేరుగా వస్తే, రెండు నెలలుగా మొరాయించిన గుర్రం బుద్ధిగా నడిచిందట. మరుసటి వారానికల్లా అకౌంటెంటుగారు పాగా కొనేశారు. మూడింటిలో ఒకదానికి జరీ ఉంటే చాలు, ఇంకొకదానికి ముత్యాలు వేలాడాలి. నా వంతుకు వచ్చింది అన్నిటికంటే పెద్దది. పూర్తి షేర్వాణీ లేనిదే అది అడుగు వేయదు.

షేర్వాణీ నా దగ్గర ఒకటే ఉంది. పెళ్ళినాటిది, బీరువా పై అరలో అట్టపెట్టెలో ఉంది. చప్పుడు కాకుండా దింపి తొడుక్కుంటే నాలుగు గుండీలు, నాలుగు కాజాలు ఒకదాన్నొకటి దూరం నుంచి చూసుకున్నాయి. మళ్ళీ ఆ టైలర్ దగ్గరికే పట్టుకెళ్ళాను. చంకల కింద కుట్లు విప్పి, తన దగ్గరున్న నీలం మఖమలు ముక్కలు వేసి పెద్దది చేశాడు. చేతులు దించుకుంటే పెళ్ళికొడుకును, ఎత్తితే బ్యాండు మేళం. సంచి మోసుకుంటూ మళ్ళీ వాకింగ్‌కు బయల్దేరాను.

ఈసారి గుర్రం నన్ను చూడగానే గడ్డి వదిలేసి తలెత్తి నిలబడింది. ఏడడుగులు నడిచి ఆగింది. ముందు కుర్రాళ్ళు చిందులు వేస్తారని, అది అయ్యేదాకా ఆగడం దాని వృత్తిధర్మం. ఎవరూ ఆడకపోతే సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది. అందుకని అకౌంటెంటుగారు నా గుర్రం ముందు రెండు చేతులూ ఎత్తి నాలుగు స్టెప్పులు వేసేవారు. అది ఇంకో ఏడడుగులు వేసేది. ఆయన వంతు వచ్చినప్పుడు నేను వేసేవాణ్ణి. ఆయన కంటే నేనే బాగా ఆడతానని పళ్ళ డాక్టరుగారు ఒకసారి అన్నారు. మొదటి మూడు వారాలు కళ్ళు మూసుకునే కూర్చున్నాను. రెండు నెలలు గడిచేసరికి నడుం నిటారుగా పెట్టి, ఒక చెయ్యి వదిలి ముక్కు గోక్కోగలిగాను. ఆ ఆదివారం ఇంటికి నడిచొస్తుంటే కలిగిన సంతోషం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు. దసరా వెళ్ళాక మా ఆవిడను ఏదో వంకతో తీసుకొచ్చి చూపించాలని నిర్ణయించుకున్నాను.

దసరా దాకా ఆగలేదు వ్యవహారం. వానలు పడుతున్నాయని మా ఆవిడ బీరువాలో కలరా ఉండలు వేయబోయింది. అట్టపెట్టె ఖాళీగా ఉంది. నన్ను ఏమీ అడగలేదు, అడిగి ఉంటే బాగుండేది. నలభై ఏడేళ్ళ మొగుడు ప్రతి ఆదివారం సంచి పట్టుకుని వాకింగ్‌కు వెళుతున్నాడు, పెళ్ళి షేర్వాణీ కనబడటం లేదు. ఈ రెండూ కలిపి చూసుకుని, తరువాతి ఆదివారం నా వెనకాలే ఆటో ఎక్కింది. వాళ్ళన్నయ్యకు ఫోను చేసి, అవసరమైతే పిలుస్తాననీ, ఎక్కడికీ వెళ్ళకుండా ఇంట్లోనే ఉండమనీ చెప్పిందట. గొడవకు వెళ్ళేటప్పుడు మా ఆవిడ మామూలు చీర కట్టుకోదు. గద్వాల పట్టుచీర కట్టుకుని వచ్చింది.

గేటు దగ్గర ఆవిడకు కనబడిన దృశ్యం ఇది. బంతిపూల దండ వేసుకున్న పెద్దమనిషి. పాపిడి బిళ్ళ, ఎర్ర జరీ దుపట్టాతో ఒక స్త్రీ. పాగా పెట్టుకుని డ్యాన్సు చేస్తున్న లావుపాటి మనిషి. ఆయన వెనకాల, షేర్వాణీలో, తెల్ల గుర్రం మీద నేను. ఎవరైనా ఏమనుకుంటారో మా ఆవిడా అదే అనుకుంది.

నేను ఆవిడను చూడగానే కళ్ళెం పక్కకు లాగాను, కొట్టం వెనక్కి తప్పుకుందామని. గుర్రం నా మాట వినలేదు. పట్టుచీర కట్టుకున్న ఆడమనిషి గేటులో నిలబడి ఉందంటే దాని దృష్టిలో ఫంక్షన్ హాలు వచ్చేసినట్టే. అకౌంటెంటుగారిని తప్పించుకుని, ఏడడుగుల లెక్క కూడా మరిచిపోయి, తిన్నగా వెళ్ళి మా ఆవిడ ముందు ఆగింది. హారతి కోసం తల వంచింది.

పైనుంచి నాకు తోచిన మాట ఒక్కటే. "గుర్రం నేర్చుకుంటున్నాను" అన్నాను.

మా ఆవిడ గుర్రాన్ని చూసింది, నా చంకల కింద నీలం మఖమలు చూసింది. ఉస్తాద్ వచ్చి మొత్తం కథ ఆవిడకు వివరించాడు, జరీ సంగతి, ముత్యాల సంగతి అన్నీ. ఆవిడ పగలబడి నవ్వుతుందనీ, పెరుగన్నం కథకు రెండో భాగం దొరికిందనీ నేను సిద్ధపడి కూర్చున్నాను. ఆవిడ నవ్వలేదు. కళ్ళు నిండాయి. నాకు భయమేసి ఏమైందని అడిగాను.

"ఆ దినం నేను ఫంక్షన్ హాలు పై అంతస్తు కిటికీల నిలవడ్డ" అంది. "గుర్రం మీద కనవడ్తరు, చూడు అని అమ్మ చెప్పింది. గుర్రమొచ్చింది. దాని మీద పాగా ఉన్నది, మనిషి లేడు. మీరు రాలేదనుకున్న. కింద ఎవరో పెండ్లికొడుకు వచ్చిండని అరిచేదాంక గట్లనే నిలవడ్డ."

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఇన్నేండ్లు చెప్తనే ఉన్న కదా" అంది. "నవ్వుకుంట చెప్తున్న, గంతే."

గుర్రం అనేది వాళ్ళ ఆడంబరమని మా ఇంట్లో అందరం అనుకున్నాం. జనం తలల మీదుగా, బ్యాండు మీదుగా, పైన నిలబడ్డ పిల్లకు నేను వచ్చానని కనబడటానికి అంత ఎత్తు కావాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. నా పిరికితనం గురించే ఈ కథ అని పంతొమ్మిదేళ్ళు రోషం తెచ్చుకున్నాను. నాకు చాలా సిగ్గేసింది, దిగిపోదామనుకున్నాను, స్టూలు దూరంగా ఉండిపోయింది.

మా ఆవిడ కళ్ళు తుడుచుకుని, పైకెక్కడానికి దారి ఉందా అని ఉస్తాద్‌ను అడిగింది. కొట్టం మీద గడ్డి దాచే అటక ఒకటుంది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని చెక్క నిచ్చెన ఎక్కింది. నన్ను ఆ చివరి గోడ దాకా వెళ్ళి మళ్ళీ రమ్మంది. నేను వెళ్ళి గుర్రాన్ని ఇటు తిప్పుకున్నాను. అకౌంటెంటుగారు ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చి చేతులెత్తారు. పళ్ళ డాక్టరుగారు ఆయన పక్కన చేరారు. ఏడడుగులు వేసి ఆగుతూ, మళ్ళీ ఏడడుగులు వేస్తూ, కళ్ళు తెరుచుకునే వచ్చాను. అటక కిటికీలోంచి మా ఆవిడ సగం బయటికి వంగి చూస్తోంది. కళ్ళెం వదిలేసి చెయ్యి ఎత్తాను.

"కనవడుతున్నరు," అంది, "రాండ్రి."