రోడ్డవతల నుంచి చూడాల్సిన బొమ్మ

మొన్న ఒక మ్యూజియంలో చిత్రప్రదర్శన చూడటానికి వెళ్తే గుమ్మంలోనే రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన కొట్టింది. నాకు ఒళ్లు మండింది. ఆ వాసన తగిలితే దావీదు మాస్టారు గుర్తొస్తారు, డెబ్బైల్లో బెజవాడలో ఆయనకు జరిగిన అన్యాయం గుర్తొస్తుంది. ఇన్నేళ్లయినా ఆ కోపం చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

గుణదలలో ఆయనది మా పక్కిల్లు. ఇంటి ముందు రేకుల షెడ్డులో సినిమా హాళ్లకు బ్యానర్లు వేసేవారు. నేను డ్రాయింగ్ టీచరుగా చేరిన కొత్తలో, ఆదివారాలు ఆయన చర్చి నుంచి రాగానే వెళ్లి రంగులు కలపడం నేర్చుకునేదాన్ని. హీరో బుగ్గ మీద ఆకుపచ్చ, ముక్కు పక్కన ఊదా ఇంత మందాన పూస్తుంటే తెల్లబోయేదాన్ని. నాలుగు గీతలు వేయడం, రోడ్డు దాటి అవతలి అరుగెక్కి చూడటం, మళ్లీ రావడం. బొమ్మ పూర్తయ్యేదాకా ఆయనకు ఇదే నడక.

"అంత దూరం ఎందుకండీ?" అని ఒకసారి అడిగాను.

"చూసేవాడు ఎక్కడ నుంచుంటాడో మనమూ అక్కడ నుంచోవాలమ్మా. లేకపోతే మన చెయ్యి మనకే ముద్దొస్తది."

ట్రైనింగులో నాకెవరూ ఈ మాట చెప్పలేదు.

అన్నేళ్లలో ఆయన తన కోసం వేసుకున్నది ఒక్కటే బొమ్మ. బ్యానరు గుడ్డ మీదే, ఎనిమిదడుగుల పొడవున, నాట్లు వేసే ఆడవాళ్లు. అందరూ వంగి ఉంటే ఒకామె మాత్రం నడుం పట్టుకుని లేచి నిలబడింది. ఆమె మాస్టారి వాళ్లమ్మ. మూడేళ్లు పట్టింది. ఆయనతో పాటు నేనూ రోడ్డు దాటి అరుగెక్కి చూసేదాన్ని. ఊళ్లో మ్యూజియం హాల్లో ప్రదర్శన పెడుతున్నారని తెలిసి, పంపమని ఆయన ప్రాణం తీసింది నేనే. నావీ రెండు నీటిరంగుల బొమ్మలు పంపాను.

తీరా వెళ్లి చూస్తే నావి నడి గదిలో, కిటికీ వెలుగులో ఉన్నాయి. మాస్టారి బొమ్మను వెనక వరండాకు పోయే సందులో తగిలించారు. రెండడుగులు వెనక్కి వేస్తే వీపుకు గోడ తగులుతుంది. అక్కడి నుంచి పచ్చ, ఊదా మరకలు తప్ప ఏమీ కనపడవు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన మాస్టారు నిర్వాహకుడి దగ్గరికి వెళ్లారు.

"అయ్యా, ఇది దూరాన్నుంచి చూడాల్సిందండీ. కాస్త హాల్లో పెట్టిస్తారా?"

"హాల్లో పెట్టేది ఆర్టండీ. ఇది బ్యానరు పని. చోటిచ్చాం, సంతోషించండి." పక్కవాళ్లు నవ్వారు. ఆ పెద్దమనిషి నన్ను చూపించి, "ఈవిడ బొమ్మలు చూడండి, ఎంత నాజూగ్గా ఉన్నాయో" అన్నాడు.

మాస్టారు నా వైపు చూశారు. ఆ రంగులు కలపడం నేర్పింది ఆయనేనని నేను చెప్పాలి. ఒక్క మాట. నా బొమ్మల్ని నడి గదిలోంచి తీసేస్తారేమోనని భయపడ్డాను. "థాంక్సండీ" అన్నాను.

ప్రదర్శన అయ్యాక ఆయన ఆ గుడ్డను చుట్టి సైకిలు వెనక కట్టుకుని తెచ్చుకున్నారు. తర్వాతి ఆదివారం వెళ్లేసరికి దానికి తెల్లరంగు పూసి ఉంది. దాని మీద ఏదో కొత్త సినిమా విలన్ ముఖం వేయడానికి కొలతల గళ్లు గీస్తున్నారు.

"మీ అమ్మగారి బొమ్మ కదండీ మాస్టారూ."

"ఎవరికీ కనపళ్లేదు కదమ్మా. గుడ్డ బావుంది, ఊరికే ఎందుకు?" అంటూ నా చేతికి కుంచె ఇచ్చారు. "ఆ మూల తెల్లరంగు కాస్త పల్చగా ఉంది, నింపు."

నింపాను.

ఇప్పటికీ ఏ మ్యూజియానికి వెళ్లినా ముందు సందుల్లో, మెట్ల కింద ఏం తగిలించారో చూస్తాను. నా ప్రదర్శనల్లో చోటు కోసం నిర్వాహకులతో పోట్లాడతాను. గయ్యాళినని పేరొచ్చింది, రానీ. ఆ పెద్దమనిషిని తిట్టుకోవడమూ మానలేదు. కాకపోతే అతను ఆ బొమ్మను సందులోనే చూశాడు. నేను మూడేళ్లు రోడ్డవతల నిలబడి చూశాను.