ఎడమచేతి కుట్టు

కోట అనే ఊళ్ళో బస్టాండు పక్కన అమీర్ బాషాకు బైండింగ్ షాపు ఉంది. షాపు అంటే ఏదో పెద్దగా ఊహించుకోకండి. ఒక బల్ల, కాగితాలు కోసే పాత మిషను, మైదా జిగురు గిన్నె, వాటి మధ్య ఎలాగో ఇరుక్కుని కూర్చునే అమీర్ బాషా. అంతే. ఖురాను చినిగినా, బైబిలు వెన్ను విరిగినా, స్కూలు రిజిస్టరు విడిపోయినా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన దగ్గరికే తెస్తారు. పని నేర్పింది వాళ్ళ నాయన మొహిద్దీన్ బాషా. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. అయినా కుట్టు కాస్త వంకర పోతే చాలు, యాభై దాటిన ఈ కొడుకు ఇప్పటికీ ఉలిక్కిపడి వెనక్కి చూసుకుంటాడు.

ఒక గురువారం పొద్దున రొయ్యల గుంటల కిషోర్ బాబు థర్మాకోల్ పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. అందులో రొయ్యలున్నాయనుకునేరు. పాత పుస్తకం! ఉప్పుగాలి తగలకుండా అలా తెచ్చాడు. ఆ మనిషికి జానపద కథల పిచ్చి. చిన్నప్పుడు పిల్లల మాసపత్రికలో ఏడాది పాటు వచ్చిన 'రాగిరెక్కల గుర్రం' సీరియల్ అంటే మరీ పిచ్చి. ఒంటి మీద టీషర్టుకు ఆ గుర్రం బొమ్మే. తనలాంటి వాళ్ళు ముప్ఫైమంది ఒక గ్రూపు పెట్టుకుని ఆ బొమ్మలతో క్యాలెండర్లు, కాఫీ కప్పులు, పుస్తకంలో పెట్టుకునే గుర్తుకార్డులు వేయిస్తున్నారు. ఇక మిగిలింది అసలు కథను అందమైన పెట్టెలో పెట్టి మళ్ళీ అచ్చు వేయించడమే.

"అన్నా, ఇది నాయుడుపేటలో ఒక టీచరమ్మ ఇంట్లో దొరికింది. ఏడాది సంచికలన్నీ కలిపి బైండు జేసుండారు. జాగర్తగా విప్పు, స్కాన్ తీయాల" అన్నాడు కిషోర్ బాబు. అంతలోనే మొహం మాడ్చుకున్నాడు. "లోపలంతా ఉండాది గానీ పన్నెండు ముఖచిత్రాలూ లేవు. ఏ కాపీ చూసినా అంతే, పీకి పారేసినారు. వాటి కోసం మేం తిరగని ఊరు లేదు. దీన్ని బైండు జేసిన నాబట్ట ఎవుడో గానీ, వాడి చేతులు పడిపోను!"

అమీర్ బాషా వెన్ను మీది కుట్టు చూశాడు. దారం అందరి కుట్టులా కాకుండా తిరగేసి నడిచింది. ఈ తీరంలో ఎడమచేత్తో కుట్టిన బైండరు ఒక్కడే. ఆ తిట్టు తిన్నది తన నాయన.

చెప్పొచ్చు కదా? చెప్పలేదు. తలవంచుకుని, "ఆదివారం రా బాబూ" అన్నాడు. కిషోర్ బాబు వెళ్ళిపోయాడు. అమీర్ బాషాకు మాత్రం మధ్యాహ్నం దాకా పని మీద మనసు నిలవలేదు. పత్రికలు బైండు చేసేటప్పుడు ముఖచిత్రాలు పీకెయ్యడం ఈ పనిలో ఆనవాయితీ. దళసరి కాగితం కుట్టుకు అడ్డం పడుతుంది, పైగా బొమ్మ వెనకంతా ప్రకటనలే. ఇచ్చేవాళ్ళే పీకెయ్యమంటారు. తను ఎన్ని వందలు పీకి, పొట్లాలకని బొరుగుల కొట్టుకు వేశాడో లెక్కే లేదు. తప్పయితే అందరిదీ తప్పే. కానీ అది కాదు బాధ. తన ఎదుటే నాయనను తిడుతుంటే కొడుకు నోరు మెదపలేదు. ఛీ, ఏం బతుకు అనిపించింది.

పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకుని, అన్నం మాటే ఎత్తకుండా విప్పడానికి కూర్చున్నాడు. దారం తెంచి పై అట్ట విడదీస్తే అది చేతికి బరువుగా తగిలింది. ఈ సైజు పుస్తకానికి ఇంత మందం అట్టా? నాయన ఎప్పుడూ ఇలా వెయ్యడే! అంచును గోటితో గీరాడు. సందులో ఎర్రటి రంగు కనబడింది.

"జైతూన్! పొయ్యి మీద ఏముందీ?" అని కేకేశాడు.

"అన్నం ఉడుకుతా ఉండాది. ఇప్పుడు గుర్తొచ్చిందా తిండి?" అంది భార్య జైతూన్‌బీ.

"మూత తియ్యి!"

మైదా జిగురు ఆవిరి తగిలితే వదులుతుంది. అన్నం గిన్నె మీద అట్టను అటూ ఇటూ తిప్పాడు. "పుస్తకానికి పెడతా ఉండారా అన్నం?" అని జైతూన్‌బీ సణుగుతూనే రెండో కొస పట్టుకుంది. అట్ట రెండు పొరలుగా విడిపోయింది. లోపల, రాగి రెక్కలు చాపిన గుర్రం! దాని కింద ఇంకొకటి, ఇంకొకటి. ముందు అట్టలో ఆరు, వెనక అట్టలో ఆరు. జనవరి నుంచి డిసెంబరు దాకా వరసగా ఉన్నాయి.

"అట్ట గట్టిగా ఉండాలని చిత్తుకాగితాలు అతికించుంటాడు మామ" అంది జైతూన్‌బీ.

అమీర్ బాషా వేలితో ఒక్కొక్క బొమ్మనూ తడిమి చూస్తున్నాడు. అట్ట గట్టిపడాలంటే కాగితమంతా జిగురు పూయాలి. ఇక్కడ చించిన అంచు వెంబడి మాత్రం సన్నగా ఒక జిగురు గీత. బొమ్మ మీద ఒక్క చుక్క కూడా పడలేదు. పీకెయ్యమన్నారు, పీకేశాడు. పారెయ్యడానికి మాత్రం ఆయనకు చేతులు రాలేదు.

"కాదు జైతూన్, దాచినాడు. నాయన దాచినాడు" అన్నాడు. పొద్దుటి నుంచి గుండె మీదున్న బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఒకపక్క నవ్వు, ఒకపక్క ఏడుపు. "నాకొక్క మాట చెప్పుంటే ఏం పోయె? నేనన్నీ బొరుగుల కొట్టుకేస్తి గదా!" అని పోయినవాణ్ణి పట్టుకుని కోప్పడ్డాడు కూడా.

ఆదివారం దాకా ఆగడం ఆయన వల్ల కాలేదు. ఫోను చేశాడు. కిషోర్ బాబు గుంటల దగ్గర నుంచి బురద కాళ్ళతోనే ఎగేసుకొచ్చాడు. చాప మీద పరిచిన పన్నెండు బొమ్మలనూ చూసి గడపలోనే చతికిలబడ్డాడు. ముట్టుకోవడానికి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి లాక్కుని టీషర్టుకు తుడుచుకున్నాడు.

"యాడివన్నా ఇవి?"

"ఆ పుస్తకం అట్టల్లోనే ఉండాయి. జిగురు అంటకుండా దాచిపెట్టినాడు."

"ఎవురు?"

"మా నాయన. ఆ కుట్టు ఆయనదే. పొద్దున నువ్వు తిడతా ఉంటే చెప్పలేకపోయినా."

కిషోర్ బాబు మొహం చూడాలి ఆ క్షణాన. బురద సంగతి మరిచిపోయి అమీర్ బాషా రెండు చేతులూ పట్టుకున్నాడు. "తప్పయిపోయిందన్నా. ఆయన లేకపోతే ఇవి యాడుండేవి?" అన్నాడు. తర్వాత ఫోను తీసి, గ్రూపులో మాట రికార్డు చేసే బటన్ నొక్కి ఆయన నోటి దగ్గర పెట్టాడు. "నేను చెప్పను. నువ్వే చెప్పు. కొత్త పుస్తకంలో ఆయన పేరు వెయ్యాల."

అమీర్ బాషా గొంతు సవరించుకున్నాడు. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి చూసేంత గట్టిగా చెప్పాడు.

"మొహిద్దీన్ బాషా. కోట బస్టాండు కాడ బైండరు. మా నాయన."