ఇసుకలో చెలమ

కాస్త దగ్గరకు జరిగి కూర్చోండమ్మా, చేతిలో చేట కింద పెట్టండి. ఈ హిందీ ఊళ్లో మా బారిడీహ్ బస్తీ వెనక నాలా, అదే వాగు, దాని సంగతి చెబుతాను.

డెబ్బైల్లో నేను కాపురానికి వచ్చేనాటికి మాకు కుళాయి లేదు. మా అత్తది శ్రీకాకుళం వైపు, ఏటి ఒడ్డున పుట్టిన మనిషి. పొద్దున్నే నాలా ఇసుకలో చేత్తో చెలమ తవ్వేది. ముందు ఊరిన నీళ్లు తోడి పారబోసి, తేటపడ్డాక కొబ్బరి చిప్పతో బిందెలోకి ఎత్తేది. ఆ నీళ్లకి పప్పు ఇట్టే ఉడికేది. నిలబడితే చిన్న చేపలు పాదాలు పొడిచేవి. పిల్లలు పీతలు పట్టుకొచ్చేవారు.

కొన్నేళ్లకి ఎగువన కొత్త క్వార్టర్లు లేచాయి. కట్టిన కాంట్రాక్టరు పాయిఖానాల గొట్టం తిన్నగా నాలాలోకి వదిలేశాడు. పీతలు పోయాయి, చేపలు పోయాయి, సబ్బు నురగ మిగిలింది. ఇక చెలమ వద్దత్తా అన్నాను.

"ఇసక మింగేత్తదే మురికంతా. మాయమ్మ తాగింది, దానమ్మ తాగింది. నీకేటి తెల్సు?"

చెలమలో నీళ్లు నిజంగానే తేటగా ఉండేవి. అక్కడే మోసపోయాం. ఆ వానాకాలం నా రెండేళ్ల కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోపలికి పోయాయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. నాలా నీళ్లు ఇక చుక్క కూడా పట్టొద్దని డాక్టరు కోప్పడ్డాడు. అత్త బిందె తీసుకుని క్వార్టర్లకి నడిచింది. వెనకాలే నేను.

కుళాయి దగ్గర ఉన్నావిడ మన వైపు మనిషే. బిందె చూసి మూతి తిప్పింది.

"మీకు నాలా ఉంది కదేటి?"

"ఇన్నాల్లూ మీదే తాగినాం తల్లీ," అంది అత్త. "ఒక్క బిందె మంచిది ఇయ్యి. రెండేళ్ల గుంట సచ్చిపోతంది."

ఆవిడ పక్కకు తప్పుకుంది.

పిల్ల బతికింది. మా బస్తీకి కుళాయి వచ్చేదాకా అత్త రోజూ ఆ క్వార్టర్ల కుళాయి దగ్గరే నిలబడింది, వాళ్లందరి బిందెలూ నిండాక తన వంతు. మళ్లీ ఇసుకలో చెయ్యి పెట్టలేదు. ఇప్పుడు నా కూతురు అటు వెళితే ముక్కు మూసుకుని, గందా నాలా, మురికి కాలవ అంటుంది. ఆ నీళ్లతో వండిన అన్నం తిన్న పిల్లే.

మీ ఇంట బిందెలు నిండుగా ఉండాలమ్మా, పిల్లలు చల్లగా ఉండాలి. మీ గడప దాటిన నీళ్లు ఇంకొకరి చెలమలో ఊరకుండా ఉండాలి.