మా గేటుకు ఆనించిన డబ్బా

మా అమ్మ మీద ఒట్టు. ఊరికే అనడం లేదు... ఆ రాత్రి గేటు లోపల ఊపిరాడక కూర్చున్నది ఆమే. అందుకే ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించలేను.

మాది వనపర్తి. డిప్లొమా మెకానికల్ చేసి రైసు మిల్లులో యంత్రాలు చూసుకుంటాను. ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడమే నా పని. బేరింగా, బెల్టా, వదులైన బోల్టా... వింటే చెప్పేస్తాను. ఆ ఒక్క చప్పుడు తప్ప.

ఆ రోజు మధ్యాహ్నం మా గల్లీ మూలలో మురుగు మోరీ తవ్వుతున్నారని, అక్కడుండే పెద్ద ఇనుప చెత్త డబ్బాను పనివాళ్లు తోసుకొచ్చి మా గేటుకు ఆనించారట. మా గేటు బయటికి తెరుచుకుంటుంది. డబ్బా అక్కడుంటే చెయ్యి పట్టేంత సందు కూడా రాదు. అమ్మ లోపలి నుంచే అరిచిందట.

"ఓ అయ్యా! మేమెట్ల బయటికి రావాలె? గోడ దుంకాల్నా?"

"ఒక్క రాత్రే అమ్మా. పొద్దుగాల ట్రాక్టర్ వస్తది. అప్పటిదాంక ఏడికి పోతది, దానికేమన్న కాళ్లున్నయా?"

నవ్వుకుంటూ వెళ్లిపోయారట. సాయంత్రం నేను మిల్లు నుంచి ఆటోలో వచ్చి తోసి చూశాను. నిండుగా ఉంది. పైగా ఒక చక్రం మోరీ బండల మధ్య ఇరుక్కుంది. గోడ దూకి లోపలికి వెళ్లాను.

"డిప్లొమా చదివినవ్, డబ్బా జరుపొస్తలేదారా?" అంది అమ్మ.

పొద్దున చూద్దాంలే అన్నాను.

చీకటి పడగానే వాన. వానతో పాటే కరెంటు పోయింది. అమ్మకు దమ్ము, అదే ఆయాసం, మొదలైంది. మందు ఆవిరి పట్టే మిషన్ కరెంటు లేకుంటే పనిచేయదు. నోట్లో పంపు కొట్టుకున్నా తగ్గలేదు. ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు... సన్నగా... పెదవులు నల్లబడుతున్నాయి. కారు లోపలే ఉంది. అంబులెన్సు వచ్చినా ఆమెను గోడ దాటించేదెలా?

నేనే గోడ దూకాను. భుజం ఆనించి తోశాను. కదల్లేదు. మళ్లీ తోశాను...

అప్పుడు డబ్బా లోపలి నుంచి...

టక్.

కాసేపు ఏమీ లేదు. తర్వాత... టక్ టక్.

వాన చుక్కలేమో అనుకున్నాను. చుక్కలకు అంత వరస ఉండదు. ఎలుకా? అరచేత్తో రేకును గట్టిగా చరిచాను. ఎలుకైతే పరుగెత్తాలి. పరుగెత్తలేదు. ఇనుము చల్లబడుతూ చప్పుడు చేస్తోందా? అది వాన మొదలైనప్పటి నుంచీ తడుస్తూనే ఉంది కదా. మళ్లీ... టక్. ఈసారి రేకు నా అరచేతి కింద అదిరింది. అవతలి నుంచి ఎవరో కొట్టినట్టు.

"ఎవరు? లోపల ఎవరున్నరు?"

టక్ టక్.

మూత ఎత్తాను. ఫోన్ లైటు వేశాను. చెత్త సంచుల మీద చుట్టిన పాత పరుపు. దాని మీద ఒక చేతికర్ర. కదలకుండా ఉన్నాయి. ఇంకేం లేదు. మూత వేశానో లేదో...

టక్.

గేటు వెనుక అమ్మ ఈల ఆగి ఆగి వస్తోంది. "లక్ష్మక్కా!" అని అరిచాను. ఎదురింటి ఆమె. భర్త లారీ మీద ఊళ్లు తిరుగుతుంటాడు. మామ చనిపోయి నెల కూడా కాలేదు. తల మీద సంచి కప్పుకుని పరుగెత్తుకొచ్చింది. రోడ్డు మధ్యకు వచ్చి... ఆగిపోయింది.

టక్... టక్ టక్.

ఆమె నా వైపు చూడలేదు. డబ్బా వైపే చూస్తూ, రోజూ విసుక్కునే మనిషిలాగా అంది.

"వస్తున్న మామా... వస్తున్న. జర ఓపిక పట్టు."

చప్పుడు ఆగిపోయింది. వాన ఒక్కటే.

ఇద్దరం డబ్బా మీద చేతులు వేశాం. నేనింకా బలం పెట్టనే లేదు... జరిగింది. ఖాళీ తోపుడు బండిలాగా. గేటు తెరుచుకుంది.

కారులో ఆసుపత్రికి చేర్చాను. అమ్మ బతికింది. ట్రాక్టర్ పొద్దున్నే వచ్చి చెత్తంతా తీసుకెళ్లిందని తర్వాత తెలిసింది. అమ్మను ఇంటికి తెచ్చాక ఒక సాయంత్రం, గడప మీద కూర్చున్న లక్ష్మక్క నన్ను పిలిచింది.

"తమ్మీ, ఆ రాత్రి... నీకు గూడ వినొచ్చిందా?"

"వినొచ్చిందక్కా."

పక్కకు జరిగి గడప మీద చోటిచ్చింది. తర్వాత మెల్లగా చెప్పింది. పక్షవాతంతో మామకు మాట పడిపోయింది. ఏం కావాలన్నా కర్రతో మంచం పట్టెను కొట్టేవాడు. ఒకటి... ఆగి, రెండు.

"సచ్చిపోయినంక గూడ రోజు రాత్రి ఇంట్ల వినొచ్చేది. మా ఆయనకు చెప్తే నీకేమన్న పిచ్చి లేసిందా అన్నడు. అందుకే ఆ దినం పొద్దుమూకినంక పరుపు, కట్టె తీస్కపోయి డబ్బాల ఏసిన."

"ఇప్పుడు?"

"ఇంట్ల ఏం వినొస్తలేదు."

"మంచిదే గదక్కా?"

"ఏమో తమ్మీ... ఈడుంటే నేనన్న పలికేదాన్ని. ఆడ ఎవరు పల్కుతరు?"

డబ్బా మళ్లీ మూలకు చేరాక, ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లి తోసి చూశాను. ఆ ఇరుక్కున్న చక్రం ఇరుసుకు తుప్పు పట్టి ఉంది. అసలు తిరగదు. మరి ఆ రాత్రి...

ఊరి చెత్తంతా పోసే చోటు మా మిల్లు దారిలోనే ఉంది. వాన పడుతుంటే అక్కడ కారు అద్దాలు ఎత్తేస్తాను. అక్కడ టక్‌మన్నది పాత రేకుల మీద చినుకులే కావచ్చు. కానీ మొన్న... అద్దాలన్నీ మూసే ఉన్నాయి. ఏం విన్నానో, అసలు విన్నానో లేదో తెలియదు. నా నోట్లోంచే వచ్చింది ఆ మాట.

"వస్తున్న."