రెట్ట మోసే పిట్ట

నా చిన్నప్పుడు నాకు అసహ్యం వేయని వస్తువంటూ ఉండేది కాదు. పాల మీద మీగడ చూస్తే డోకు, తెగిన బల్లి తోక చూస్తే డోకు. మా తాతయ్య నశ్యం రుమాలు ఆరేసిన తీగ మీద నా గౌను ఆరేస్తే, ఆ గౌను మళ్ళీ తొడిగేదాన్ని కాదు. యాభై దాటిన ఈ వయసులోనూ నాకు అసహ్యాలు తగ్గలేదు. ఏది చూసి అసహ్యించుకోవాలన్నది మాత్రం మారింది. మార్చింది మా మేనత్త.

పటాన్‌చెరు దాటి లక్డారం వైపు పోయే దారిలో ఉండేది మా ఊరు. మా నాయనకు కిరాణా దుకాణం. మేనత్త ఆయనకు అక్క. సంగారెడ్డిలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పేది, పెళ్ళి వద్దనుకుని మా ఇంట్లోనే ఉండేది. ఎందుకు వద్దనుకున్నావని అడిగినవాళ్ళకు ఆమె ఇచ్చిన జవాబులు ఇక్కడ రాయదగినవి కావు.

ఊరి వెనక మోదుగులు, వేపలు, తుమ్మలు, పొదలు కలిసిన చిట్టడవి ఉండేది. కంచ అనేవాళ్ళం. ప్రతి ఎండాకాలం తెల్లవారుతూనే మేనత్త ఆ కంచలోకి పోయేది. ప్రతిసారీ అదే దారి, అవే చోట్ల ఆగడం, అంతే సేపు నిలబడటం. కంచలో ఎన్ని పిట్టలు ఎగురుతున్నాయన్నది ఆమెకు అక్కర్లేదు. ఎన్ని జంటలు అక్కడ పిల్లల్ని పెంచుతున్నాయన్నదే కావాలి. కనిపించిన జంటకొక చింతగింజ కొంగున ముడి వేసుకునేది. ఎండాకాలం అయిపోయాక ఆ గింజలన్నీ ఒక గాజు సీసాలో పోసి, దుకాణంలో బిస్కెట్ల సీసాల పక్కన పెట్టేది. ఏడాదికొక సీసా. మొదటి సీసాలు మెడదాకా నిండి ఉండేవి, తర్వాతివి సగానికి దిగాయి. కొట్టుకొచ్చినవాళ్ళు ఇవి అమ్ముతారా అని అడిగితే మా నాయన తల పట్టుకునేవాడు.

ఒక ఎండాకాలం నన్నూ వెంట తీసుకుపోయింది. ఎండిన మోదుగ మొద్దు తొర్రలోంచి నల్లంచి పిట్ట ఒకటి బయటికొచ్చింది. దాని నోట్లో తెల్లగా, మెత్తగా ఏదో సంచిలాంటిది వేలాడుతోంది. అదేమిటని అడిగాను.

"గది దాని పిల్ల రెట్టనే కోడలా. గూట్లె ఉంటె వాసన కొడ్తది, వాసనకు పాములొస్తయి. అందుకే నోట కరుచుకొని దూరం పోయి పడేస్తది. ఇల్లున్న పిట్టకే గా పని ఉంటది."

నేను ఇంటిదాకా ఉమ్ముకుంటూ వచ్చాను. మేనత్త నవ్వుకుంటూ ఇంకో గింజ ముడేసుకుంది.

ఇక అసలు రోత సంగతి. మా ఊరి పొలిమేరలో మందులు తయారుచేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. పేరు రాయను, రాస్తే నా కలానికి మైల. కంచలోంచి పారే వాగులోకి రాత్రిళ్ళు అది దొంగచాటుగా తన కంపు నీళ్ళు వదిలేది. పొద్దున చూస్తే వాగు మీద పసుపు నురుగు, కుళ్ళిన గుడ్ల వాసన. ఆ నీళ్ళలో దిగిన బర్రె కాళ్ళ తోలు ఊడి పుండ్లు పడటం నేను కళ్ళారా చూశాను. ఫ్యాక్టరీ మీద ఊరు పై అధికారులకు అర్జీ పెట్టుకుంది. ఆ అర్జీని ఊరు వెనక్కి తీసుకుంటే, కంపు నీళ్ళు వాగులోకి వదలడానికి ఏకంగా పెద్ద పైపే వేసుకోవాలని ఫ్యాక్టరీ చూపు. అందుకని మేనేజరు ఊరి పెద్దమనుషుల దగ్గర కూర్చుని, ఈ నీళ్ళు చెడ్డవైతే కంచలో పిట్టలెలా బతుకుతున్నాయని వాదించాడు. వాళ్ళూ తెలివైనవాళ్ళే. ఏళ్ళ తరబడి పిట్టల్ని చూస్తున్న టీచరమ్మ మా ఊళ్ళోనే ఉంది, ఆమె కంచ బాగుందంటే అర్జీ వెనక్కి తీసుకుంటామన్నారు.

అలా అంతా వచ్చి మేనత్త మాట మీద ఆగింది. మా ఇంటి కూడు కూడా. ఎందుకంటే ఆ ఫ్యాక్టరీ క్యాంటీనుకు బియ్యం, పప్పు, నూనె పోయేది మా దుకాణం నుంచే. మా నాయన అక్కను బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు. పిట్టల కోసం మమ్మల్ని రోడ్డున పడేస్తావా అన్నాడు. ఆమె చూసింది చెప్తానని మాత్రమే అంది.

ఒక సాయంత్రం మేనేజరు పెద్దమనుషుల్ని జీపులో ఎక్కించుకుని మమ్మల్నీ కంచకు పిలిచాడు. పొద్దు గూకే వేళ కొంగలు, గోరింకలు, కాకులు గుంపులుగా దిగి కొమ్మలు నింపేశాయి. ఇంతకంటే సాక్ష్యమేం కావాలని చేతులు చాపి చూపించాడు. మా నాయన ముఖంలోకి నెత్తురొచ్చింది.

మేనత్త కదల్లేదు. "ఇవి పండుకోనీకె వచ్చినయి సార్. మీ గేటు కాడ లారీ డ్రైవర్లు పండుకుంటరు. గట్లని అది వాళ్ళ ఇల్లయితదా? రేపు తెల్లారంగ రండి. పిల్ల రెట్ట నోట్ల పట్టుకొని పోయే పిట్టను ఒక్కదాన్ని చూపియ్యండి."

పెద్దమనుషులు నవ్వారు. మేనేజరుకు రాక తప్పలేదు.

మర్నాడు తెల్లవారుతూనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. తన ఫ్యాక్టరీ కంపు తానే భరించలేని మనిషి! మేనత్త తన దారినే నడిపించింది, ఆగే చోట్లన్నిటా ఆపింది. కాకులు ఎగిరిపోయాయి, కొంగలు లేచిపోయాయి. ఏ పిట్ట నోట్లోనూ పుల్ల లేదు, పురుగు లేదు, రెట్ట లేదు. ఎండెక్కింది. మేనేజరు ఓడిపోయినవాడిలా తల వంచుకుని జీపు వైపు తిరిగాడు. పెద్దమనుషులు తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. గెలిచామని నా గుండె గంతులేసింది.

అప్పుడు మేనత్త పిలిచింది. "ఆగండి సార్. అగో, ఒకటున్నది."

మోదుగ మొద్దులోంచి నల్లంచి బయటికొచ్చి, నోట్లో ఆ తెల్లని రెట్టతో వాగు దాటి పోయింది. ఆమె పిలిచేదాకా దాన్ని ఎవరూ చూడలేదు. ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలిసేదే కాదు. కొంగు ముడి విప్పి ఒక చింతగింజ తీసి మేనేజరు అరచేతిలో పెట్టింది. "ఇది మీ దిక్కు మాట. ఒకటున్నది. కడమ మాట మా తమ్ముని దుకాణంల సీసాలల్ల ఉన్నది. పెద్దమనుషులకు రెండూ చెప్త."

దారి పొడుగునా నేను ఆమెతో పోట్లాడాను. నీకేమన్నా పిచ్చా, వాడు వెళ్ళిపోతుంటే పిలిచి మరీ చూపిస్తావా అన్నాను.

"గా ఒక్కదాన్ని దాస్తే, రేపు నేను పిట్టలు లేవంటె ఎవడు నమ్ముతడే?" అంది, అంతే.

పెద్దమనుషులు సీసాలు చూశారు, అర్జీ వెనక్కి తీసుకోలేదు. క్యాంటీను సరుకు ఆ వారమే ఆగిపోయింది. మా నాయన చాలాకాలం అక్కతో మాట్లాడలేదు, మేం చాలాకాలం పప్పు పలచగా తాగాం. ఫ్యాక్టరీవాళ్ళ నీచం చూడండి. కంచలో పిట్టలు పిల్లల్ని పెంచుతున్నాయని మీ టీచరమ్మే ఒప్పుకుందని పై అధికారులకు చెప్పుకుని, చివరికి పైపు వేసుకున్నారు. ఒక్క పిట్టను ముందు నిలబెట్టి ఊరి మీదికి అంత పెంట వదిలారు. పిడికెడంత పిట్ట తన పిల్ల మురికిని నోటితో మోసుకుపోయి పారేస్తుంది. చదువుకున్న మనిషి తన మురికిని పక్కవాడి బావిలో పోసి రుమాలుతో ముక్కు మూసుకుంటాడు. అందుకే ఆనాటి నుంచి రెట్టను చూస్తే నాకు డోకు రాలేదు.

కానీ ఇదీ చెప్పాలి. తర్వాత ఏళ్ళకు ఆ నీళ్ళు మా బావుల్లోకి దిగి పెద్ద పంచాయితీ జరిగినప్పుడు, ఇరుపక్షాలూ సాక్ష్యానికి పిలిచింది మా మేనత్తనే. ఫ్యాక్టరీవాళ్ళు కూడా ఆమె మాటను కాదనలేదు.

ఆమె పోయింది. కంచలో సగం ప్లాట్లయ్యాయి. మిగిలిన చెట్ల మధ్య ప్రతి ఎండాకాలం ఆమె దారినే నడుస్తాను, ఆమె ఆగిన చోట్లే ఆగుతాను. నోరు మంచిది కాదని నాకు పేరుంది, గొడవ వస్తే వదలను. మొన్న మా ఇంద్రేశం కాలనీలో మురుగును చెరువులోకి మళ్ళించిన బిల్డరుతో తగువు పడ్డప్పుడు, వాడు నాటిన చెట్లలో ఒకదాంట్లో పిగిలిపిట్టల జంట పిల్లల్ని లేపిందని ముందు నేనే చెప్పాను. చెప్పేటప్పుడు నాలుక చేదెక్కింది. వాడు మురిసిపోయి అందరివైపూ చూశాడు. తర్వాత మురుగు గురించి నేను చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా కాదనలేకపోయాడు. వాడంటే నాకు అసహ్యమే. ఆ పిట్ట ఉన్నమాట మాత్రం నిజం.