పచ్చి తక్కాళి పాస్తా

పోయిన మే నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి కోయంబత్తూరు నుంచి మా ఊరు తిరుమంగళం వచ్చాను. అమ్మ బోడినాయకనూరులో పెళ్ళికి పోయింది. ఇంట్లో నేనూ, మేం నైనా అని పిలిచే నాన్నా మాత్రమే. తోటలో టమాటా, మా ఇంటి మాటలో తక్కాళి, ఎండకు ఒక్కసారిగా పండిపోయింది. పెట్టెలన్నీ టెంపోకెక్కించి పొద్దున్నే మాట్టుతావణి మార్కెట్టుకు పోయాం.

మండీ వ్యాపారి ఒక పండు తీసి బొటనవేలితో నొక్కాడు. మరీ పండిపోయినాయని, ఎవరూ కొనరని నైనాతో తమిళంలో చెప్పాడు. "ఇక్కడే వదిలేసి పోండి పెద్దాయనా, నేనే పారేయిస్తా" అన్నాడు, ఏదో ఉపకారం చేస్తున్నట్టు. వెంటనే గుమాస్తా వైపు తిరిగి, గొంతు తగ్గించి, తెలుగులో అన్నాడు: "వీళ్ళను పోనీ. పెట్టెలన్నీ హోటలుకు పంపించు."

అచ్చం మా అవ్వ మాట్లాడే తెలుగు. నా చెవులు మండిపోయాయి.

"మాకూ తెలుగొస్తుంది" అన్నాను గట్టిగా.

వాడు సిగ్గుపడలేదు. నవ్వాడు. "అయ్యో, మనవాళ్ళా! ముందే చెప్పకూడదా?"

"చెప్పకపోతే మోసం చేస్తావా? తమిళం వాళ్ళయితే ఫరవాలేదా?"

నైనా నా చెయ్యి పట్టి లాగాడు. "వద్దమ్మా. మళ్ళీ ఇక్కడికే కదా రావాల."

నేను వినలేదు. డ్రైవరూ నేనూ పెట్టెలన్నీ తిరిగి ఎక్కించాం.

ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వంటింట్లో నిలబడితే ఒళ్ళు ఉడికిపోతోంది. పులుసులూ రసాలూ పెట్టే ఓపిక లేదు. నా సంచిలో పాస్తా పాకెట్టు ఉంది. నీళ్ళు మరగబెట్టి అది వేశాను. బాగా పండిన తక్కాళ్ళు గిన్నెలో వేసి చేత్తో పిసికాను. వాడి నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఇంకొకటి పిసికాను. ఉప్పు, దంచిన వెల్లుల్లి, మిరియాల పొడి, కొత్తిమీర, రెండు గరిటెల నువ్వుల నూనె.

నైనా గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు. "అది పొయ్యి మీద పెట్టవా?"

"పెట్టను."

"పచ్చివాసన రాదా?"

"వస్తే తినొద్దు."

నీళ్ళు వంచిన వేడి పాస్తా దానిమీద కుమ్మరించి కలిపాను. ఇద్దరం కింద కూర్చున్నాం. నైనా వేళ్ళతో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. బాగుందని అనలేదు కానీ ఆపలేదు.

"వాడట్లా అంటుంటే ఎందుకు ఊరుకున్నావు?" అడిగాను.

"వాడి నాయన కాలం నుంచీ ఆ మండీకే సరుకు వేస్తున్నా. వాళ్ళతో ఎప్పుడూ తమిళమే. సంతలో ఇంటి మాట దేనికి?"

నాకు అప్పుడు తట్టింది. "అయితే ఇన్నేళ్ళూ నీ ముందరే తెలుగులో ఇట్లాంటివి మాట్లాడుకుంటే, వింటూ నిలబడ్డావా?"

నైనా గిన్నె దగ్గరికి లాక్కొని ఇంకాస్త వడ్డించుకున్నాడు. నేను కంచం పక్కకు నెట్టేశాను. వ్యాపారి మీద వచ్చిన కోపం కంటే అది పెద్ద కోపం. ఎవరి మీదో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

సాయంత్రం టెంపోను హైవే పక్కన ఆపి ఇద్దరమే నిలబడి అమ్మాం. చీకటి పడకముందే అన్నీ అయిపోయాయి. నైనా గొంతెత్తి తమిళంలో కేకలేసి మరీ అమ్మాడు.

నేను కోయంబత్తూరు వచ్చాక రెండు వారాలకు అమ్మ ఫోను చేసింది. నైనా మళ్ళీ అదే మండీకి పోయాడట. "నైనాకు ఫోను ఇవ్వనా?" అంది.

"వద్దు" అని పెట్టేశాను.