మా ఇంటిపేరు గంజి

మా పుట్టింటి ఇంటిపేరు గంజి. మైదుకూరుకు మూడు మైళ్ల దూరంలో ఉన్న మా ఊళ్లో ఆ పేరున్నది మా ఒక్క ఇంటికే. నాయనకు ఆ పేరంటే గర్వం. కొత్తవాళ్లెవరైనా అరుగు మీద కూర్చుంటే చాలు, అడగకపోయినా చెప్పేవాడు.

"పెద్ద కరువొచ్చినప్పుడు మా ముత్తాత ఇంటి ముందర గంగాళాలు పెట్టిచ్చి ఊరందరికీ గంజి పోసినాడప్పా. దాన్నుంచే మేము గంజోళ్లమైనాము."

మా జేజి, అంటే నాయన తల్లి, ఆ మాటలు వినపడేంత దూరంలోనే కూర్చుని చాటలో కొర్రలు చెరుగుతూ ఉండేది. అవుననేది కాదు, కాదనేది కాదు.

నాకు పన్నెండేళ్లప్పుడు, యాభైల మొదట్లో, వరుసగా మూడో ఏడు కూడా వాన తప్పింది. బావి అడుగున రాయి కనిపించింది. నాయన ఎద్దులను సంతకు తోలుకుపోయి, సాయంత్రానికి పలుపుతాళ్లు మాత్రం భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. పాతరలో అడుగున మిగిలిన జొన్నలు మట్టి వాసన వేసేవి. అవీ అయిపోయాక జేజి చింతగింజలు వేయించి నానబెట్టి ఉడికించేది. ఆకలి మొదట్లో బాధగా ఉండేది. తర్వాత తర్వాత అదీ తెలియలేదు. పొద్దున లేచేవాళ్లం, మధ్యాహ్నమయ్యేది, పొద్దు గూకేది.

సర్కారు వాళ్లు బడి ఆవరణలో గంజి కేంద్రం తెరిచారు. ఊరంతా పోయింది. మేము పోలేదు. పోదామని అనడానికి అమ్మకు నోరు రాలేదు. ఎనిమిదో రోజు మా తమ్ముడు గోడ పట్టుకుని లేచి నిలబడి, మళ్లీ అక్కడే కూలబడ్డాడు. అమ్మ సత్తుగిన్నె తెచ్చి నాయన ముందు పెట్టి లోపలికి పోయింది. నాయన దాన్ని కాసేపు చూసి, నన్ను రమ్మని లేచాడు.

బడి దగ్గర బల్ల వేసుకుని ఒక గుమాస్తా పేర్లు రాసుకుంటున్నాడు. మా వంతు వచ్చింది.

"ఇంటిపేరు చెప్పప్పా."

"గంజి," అన్నాడు నాయన.

గుమాస్తా తల ఎత్తలేదు. "గంజి పోస్తారు లేప్పా, యాడికీ పోదు. ముందు ఇంటిపేరు చెప్పు."

"గంజి."

"అదే కదా నేను చెప్తాండేది..." అంటూ తల ఎత్తి నాయన ముఖం చూశాడు. అప్పుడర్థమైంది అతనికి. వెనక ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. గుమాస్తా మళ్లీ తల వంచి రాసుకుని, "ఎంత మంది?" అని మాత్రం అడిగాడు.

"ఐదుగురం."

నాకు సిగ్గు వేయాల్సింది. వేయలేదు. గరిటె గంగాళం అడుగుదాకా పోతుందా, పైపైన నీళ్లే తోడుతున్నారా అని అదొక్కటే చూస్తున్నాను.

ఇంటికొచ్చాక అందరం తాగాం. నాయన చివర తాగాడు. మూతి తుడుచుకుని జేజి వైపు తిరిగాడు.

"అమ్మా, మనోళ్లు గంజి పోసినోళ్లే కదా?"

జేజి గిన్నెలోకి చూస్తూ అంది. "పోసినోళ్లకు ఎవురన్నా గంజి అని పేరు పెడ్తారా నాయనా? తాగనీకి వచ్చినోళ్లకే ఆ పేరు పడేది."

ఆమె చెప్పుకుపోయింది.

"మీ నాయన నాకు చెప్పినాడు. ఆదోని పక్క నుంచి ఒకామె నడుచుకుంటా వచ్చిందంట. మొగుడు దారిలోనే సచ్చిపోయినాడు. ఇద్దరు బిడ్డలు. ఈ ఊర్లో గంజి పోస్తాంటే ఈడ్నే నిలబడింది. వాన పడినాక వచ్చినోళ్లంతా ఎవురి ఊరికి వాళ్లు పోయినారు. ఆమెకు పోనీకి ఊరు లేదు. గంజామె, గంజామె బిడ్డలు అంటా అంటా అదే ఇంటిపేరైపాయ."

"మరి ఇన్నాళ్లూ ఏంటికి చెప్పలేదు?"

"సంతోషంగా చెప్పుకుంటాంటివి. చెప్పుకోనీలే అనుకున్యా."

"ఆమె పేరేంది?"

"ఎవురికీ తెలీదు."

నాయన లేచి గిన్నె కడిగి బోర్లించాడు. మరుసటి రోజు ఎవరూ చెప్పకముందే దాన్ని తీసుకుని బయల్దేరాడు. నాలుగు నెలలు అలాగే పోయాడు. ఇంటికి ఎవరొచ్చినా ముత్తాత ఊసు మళ్లీ ఎత్తలేదు.

వాన పడిన రోజు ఎవరూ సంతోషంతో అరవలేదు. చూరు కింద నిలబడి చూశాం. ఎద్దులు లేవు కాబట్టి నాయన, అమ్మ కలిసి చేలో గుంటక లాగారు. కొర్ర కోతకు రాకముందే జేజి పోయింది. అందరూ ఏడుస్తుంటే నేను గోడకానుకుని కూర్చున్నాను. ఏడ్వవేమే అని అమ్మ నా భుజం పట్టి ఊపింది. ఏడుపు రాలేదు.

ఐదారేళ్ల తర్వాత ఆత్మకూరు వైపు నుంచి నాకు సంబంధం వచ్చింది. పెళ్లికొడుకు పెదనాయన అరుగు మీద కూర్చుని, నాయనను మెచ్చుకోవడానికే అన్నాడు.

"గంజోళ్లంటే కరువులో గంజి పోసిన వంశమంట కదప్పా. శానా గొప్ప."

లోపల తలుపు వెనక అమ్మ చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది. కాదనకపోతే బాగుండునని ఆమెకు.

"కాదప్పా. తాగినోళ్లము," అన్నాడు నాయన. "ఒకసారి గాదు, రెండు తూర్లు."

ఆ పెద్దాయన "మా ఊర్లో తాగనోళ్లు ఎవురుండారులే," అని మంచినీళ్లు అడిగాడు. సంబంధం ఖాయమైంది. అమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు సంతోషమో భయమో తెలియలేదు.

పెళ్లయి నా ఇంటిపేరు మారింది. కొత్త పేరు నా నోటికి అలవాటు కావడానికి కొన్ని నెలలు పట్టింది. ఒకరోజు సంగటి కెలుకుతున్న మా అత్తను, ఈ పేరు ఎలా వచ్చిందని అడిగాను.

"ఏమో పాపా. నేనొచ్చినప్పట్నుంచీ ఇదే."

"మీ పుట్టింటి పేరేంది అత్తా?"

ఆమె కెలకడం ఆపింది. గుర్తు తెచ్చుకుంటున్నట్టు పొయ్యిలో కట్టె వైపు చూస్తూ ఉండిపోయింది. "ఉండు, చెప్తా," అని సంగటి దించి, గేదెకు నీళ్లు పెట్టాలంటూ బయటికి పోయింది.

తిరిగొచ్చాక చెప్పలేదు. నేనూ మళ్లీ అడగలేదు. ముద్దలు చేసి అందరికీ వడ్డించాను.